నేర్పువారికి నేర్పు వలదా?

కుమ్మరి బిడ్డ సారెముందు కూర్చుండుటకు ముందు కొన్నియేండ్లు మట్టి తొక్కును. నేతవాని బిడ్డ మగ్గపుగుంటలో దిగుటకు ముందు కండెలు చుట్టును. మంత్రసాని తన తల్లివెంట పది పురుళ్లు చూచినగాని ఒంటిగా ఒక పురుడు పోయదు. ఎసరెంత పెట్టవలయునో చెప్పక క్రొత్తకోడలికి పొయ్యి అప్పగించు అత్తగారు లేదు. ప్రతి పనికిని నేర్చుకొను కాలమొకటి కలదని యిట్లెఱిగిన మన సంఘము, ఒక్క పనిని మాత్రము ఎవరైనను, ఎప్పుడైనను, ఏ సన్నాహమును లేక చేయవచ్చునని తీర్మానించినది. అది వయసు వచ్చిన స్త్రీపురుషులకు చదువు చెప్పుట.

“చదువు వచ్చినవారెల్ల చదువు చెప్పగలరు, కావలసినది సేవాభావ మొక్కటే” అను మాట సభలలో వినని సంవత్సరము లేదు. వినుట కింపైన మాట. చెప్పువారికి సులభమైన మాట. ఖర్చు లేని మాట. దానిని ఖండించుటకే మేమీ వ్యాసమునకు బూనుకొంటిమి. జీతము లేని పని యన్నంతమాత్రమున నేర్పు లేని పని యని యర్థము కాదు. వయోజనవిద్యకు ముందుకు వచ్చు సేవకులకును, వారిని నడపు నాయకులకును, ఒక వృత్తికి తగినంత గట్టి శిక్షణ యుండవలెను. అది లేక నడపిన తరగతి వ్యర్థమగుటయే కాదు, నిజముగా హాని చేయును.

తెలియుట వేఱు, తెలియజేయుట వేఱు. ఇది మేము క్రొత్తగా కనిపెట్టినది కాదు. కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున ఇద్దఱు నాట్యాచార్యులు తమలో నెవ్వరధికులని కలహించినపుడు, పరివ్రాజిక ఈ భేదమునే చూపినది. ఒకనికి విద్య తనయందే నిలిచి యుండును. మఱియొకనికి దానిని ఇతరులకు సంక్రమింపజేయు శక్తి యుండును. రెండును గలవానినే గురువులలో ముందుంచవలెను అని యామె తీర్పు. నాట్యమునకు చెల్లిన న్యాయము అక్షరమునకు చెల్లకుండుటకు హేతువేమి?

మన దేశమున సంకల్పములకు లోటు లేదు. 1978 అక్టోబరు 2వ తేదీన జాతీయ వయోజనవిద్యా కార్యక్రమము మొదలైనది; ఐదేండ్లలో పదికోట్ల మందికి చదువు చెప్పుట దాని యుద్దేశము. 1988 మే నెలలో జాతీయ సాక్షరతా మిషన్ వచ్చినది. 1995 నాటికి ఎనిమిదికోట్ల మంది దాని గుఱి. 2009 సెప్టెంబరు 8వ తేదీన సాక్షర భారత్ వచ్చినది. ఏడుకోట్ల మంది, అందు స్త్రీలే ఆఱుకోట్లు. అదియు 2018 మార్చి 31వ తేదీతో ముగిసినది. తరువాత 2022 నుండి 2027 వఱకు నైదేండ్లకు ఐదుకోట్ల మంది గుఱిగా నవభారత సాక్షరతా కార్యక్రమమును, దానికి ఉల్లాస్ అను పేరును ఏర్పడినవి. ఇన్ని సంకల్పముల నడుమ 2011 జనాభా లెక్కలలో అవిభక్తాంధ్రప్రదేశపు అక్షరాస్యత నూటికి 67.02 మాత్రమే. దేశపు సగటు 72.98. మన పొరుగువారైన కర్ణాటకులు 75.36, తమిళులు 80.09, కేరళీయులు 94.00. దక్షిణమున కడపటివారము మనమే. మన స్త్రీలలో నూటికి 59.15 మందికే చదువు వచ్చునని ఆ లెక్కయే చెప్పినది. అనగా నూర్గురిలో నలువదిమంది అమ్మలకు అక్షరము లేదు.

ఇందులకు శిక్షణాలోప మొక్కటే కారణమని మేమనము. పేదఱికము కలదు, కూలిపని కలదు, ఆడుబిడ్డను బడికి పంపని దురాచారము కలదు. కాని పేదఱికమును ఒక మండలాధికారి ఒక యేట పోగొట్టలేడు. నేర్పువానికి నేర్పు చెప్పుట మాత్రము ఒక మాసములో జరుగదగిన పని. జరుగదగిన దానిని చేయక, జరుగని దానిని నెపముగా జూపుట మా ఆక్షేపణకు విషయము.

సేవాభావ మొక్కటే చాలునని వాదించువారు తఱచుగా పరదేశపు దృష్టాంతములను జూపుదురు. ఆ దృష్టాంతములనే పరీక్షింతము. “ఒక్కొక్కరు ఒక్కొక్కరికి నేర్పుడు” అను నినాదమును లోకమున వ్యాపింపజేసినవాడు ఫ్రాంక్ లాబాక్ అను అమెరికా దేశీయుడు. 1930 ప్రాంతమున ఫిలిప్పైను ద్వీపములలో మరనావు జాతివారి నడుమ ఆయన ఈ పనికి దొరకొనెను. ఆయన నినాదమును మనము తెచ్చుకొంటిమి. ఆయన పాఠపటములను విడిచితిమి. ఏ యక్షరము ముందు, ఏది వెనుక, ఏ బొమ్మ ప్రక్కన ఏ మాట, నేర్పువాడు ఎన్ని మాటలు పలుకవలెను, ఎప్పుడూరకుండవలెను అని ఆయన ఎంతో శ్రమించి కూర్చిన క్రమమే ఆ నినాదమునకు ప్రాణము. ప్రాణమును విడిచి పేరును మోసికొని వచ్చితిమి.

వెల్దీ ఫిషర్ అను అమ్మ 1953లో అలహాబాదున సాక్షరతానికేతనమును స్థాపించి, 1956లో దానిని లక్నోకు మార్చినది. ఆమె ముందుగా గట్టినది చదువుకొనువారికి బడి కాదు, చదువు చెప్పువారికి శిక్షణాలయము. 1961లో క్యూబా దేశము సుమారు లక్షమంది యువతీయువకులను పల్లెలకు పంపి, ఒక్క యేట ఏడులక్షలకు పైబడిన జనులకు చదువు నేర్పినది. ఉత్సాహమునకు ఇంతకు మించిన యుదాహరణము లేదు. ఆ దేశము సైతము ఆ పిల్లలను ఊరక పంపలేదు. వరదేరో అను చోట శిబిరమున నుంచి, నేర్పు విధము చెప్పి, నేర్పువానికొక పుస్తకమును నేర్చుకొనువాని కొక పుస్తకమును చేతికిచ్చి, వారిపై ననుభవముగల ఉపాధ్యాయులను నిలిపి, పిమ్మట పంపినది. మన పొరుగున ఎర్నాకుళము జిల్లా 1990 ఫిబ్రవరి 4వ తేదీన సంపూర్ణ సాక్షరమని ప్రకటింపబడినది. అక్కడను వేలకొలది సేవకులు పని చేసిరి. వారికి శిక్షకులు, ఆ శిక్షకులకు మఱల శిక్షకులు ఉండిరి. కావున ఉత్సాహము గెలిచిన ప్రతిచోటను దాని వెనుక శిక్షణ నిలిచి యున్నది. ఫలమును మెచ్చి వేరును నఱుకుట వివేకము కాదు.

ఇక శిక్షణ లేనివాడు తరగతిలో ఏమి చేయునో చెప్పెదము. మేము ఇరువదియేండ్లకు పైగా బడిలో చదువు చెప్పుచు, సాక్షర భారత్ నడచిన దినములలో మా ప్రాంతపు పల్లెలలో రాత్రి తరగతులను పలుమాఱులు చూచితిమి. చెప్పువారిలో దుర్మార్గు లొక్కరును లేరు. ఇంటరు చదువుకొనుచు, తమ పరీక్షలు మానుకొని వచ్చిన ఆడుపిల్లలను చూచితిమి. అట్టి పిల్ల యొకతె, తన పెద్దమ్మ వయసు గల స్త్రీతో, “మా చెల్లి ఒక్కరోజులో నేర్చుకొంది, నీకింకా రాలేదా?” అనెను. ఆ పిల్ల మనసున కల్మషము లేదు. తన బడిలో తన పంతులు తన్నెట్లు మందలించెనో, అట్లే మందలించినది. ఆ స్త్రీ మాఱుమాట లేక పలక ప్రక్కన బెట్టి పోయినది. మఱునాడు రాలేదు, ఆ వారమున రాలేదు, పిమ్మట ఎవరు పిలిచినను, “నా బుఱ్ఱకెక్కదు బాబూ” అనినది.

హాని యనగా మేము చెప్పునది ఇదియే. తరగతికి రాకముందు ఆమె, “నన్నెవరు బడికి పంపిరి?” అని తల్లిదండ్రులను నిందించుకొనెడిది. తరగతికి వచ్చి పోయిన వెనుక తన్ను తాను నిందించుకొనుచున్నది. అవకాశము రానివానికి ఆశ మిగులును. అవకాశము వచ్చి యోడినవానికి అదియు మిగులదు. పిల్లవాడు బడిలో నవమానము పొందినను మఱునాడు తండ్రి చేయిపట్టి తెచ్చును. పెద్దవారిని తెచ్చు వారెవ్వరు?

మఱియొక సంగతి. నలువది దాటినవారికి దగ్గఱి వస్తువు మసకగా కనబడును. మన పెద్దలు దీనికి చత్వారమని పేరే పెట్టిరి. చత్వారింశత్ అను సంఖ్యయే ఆ పేరున నున్నది. ఇంత తెలిసిన జాతిలో, మసక దీపమువద్ద సన్నని యచ్చుగల వాచకమును ఏబదియేండ్ల అవ్వ చేతికిచ్చి, ఆమె తడుముకొనగా మందబుద్ధియని వ్రాసికొను సేవకు లెందఱు! ఆమెకు కావలసినది రెండవ పాఠము కాదు, కన్నుల యద్దములు. మొదటి దినముననే అక్షరమును చేతి దవ్వున బట్టి చూపి కంటిని పరీక్షింపవలెనని ఒక్క పూటలో నేర్పవచ్చును. నేర్పినవారు లేరు.

చేతి సంగతియు నట్టిదే. ముప్పదియేండ్లు కొడవలి పట్టిన చేయి బలపమును కొడవలివలెనే పట్టును. ఆ చేతికి ముందు నేలపై, ఇసుకలో, పెద్దపలకపై పెద్ద గీతలు దిద్దించి, పిమ్మట కాగితమునకు దేవలెను. నాలుగు గీతల కాపీపుస్తకమును మొదటి దినముననే ముందుబెట్టుట ఆ చేతిని పరిహసించుటయే.

ఇక మన లిపి. తెలుగు వర్ణమాలలో ఏబదికి పైబడిన అక్షరములు, ఒక్కొక్క హల్లునకు తలకట్టు మొదలు ఔత్వము వఱకు గుణింతము, ఆపై వత్తులు. శిక్షణ లేని సేవకుడు తాను బాల్యమున నేర్చిన క్రమముననే ‘అ’ మొదలు ‘క్ష’ వఱకు దిద్దించును. జీవితమున నొక్కమాఱైనను కంటబడని ఌ-కారమును సైతము దిద్దింపక విడువడు. రాత్రి గంటసేపు కూర్చుండు కూలిమనిషికి ఈ త్రోవలో నర్థముగల మొదటిమాట చదువుటకు మాసములు పట్టును. అంతవఱకు ఎవరుందురు? త, ల, వ, ప, క అను నైదక్షరములను ముందు నేర్పినయెడల తల, వల, కల, పలక, కలప అను మాటలను మొదటి వారముననే చదువవచ్చును. “నేను చదివితిని” అను సంతోషము ఆ వారముననే కలుగును. ఆ సంతోషమే మఱుసటి వారమున కాళ్లను తరగతివైపు నడపించును. ద, ధ, థ లవంటి పోలికగల అక్షరములను ఒకే దినమున చెప్పరాదనియు, ఒక్కొక్క గుణింతపు గుఱుతును తెలిసిన మాటలలో మాత్రమే ప్రవేశపెట్టవలెననియు శిక్షణ పొందినవాడెఱుగును. వీనిని ఊహించి తెలిసికొనుమనుట అన్యాయము.

లెక్కల తరగతి మఱింత విడ్డూరము. సంతలో కూరగాయలమ్ము స్త్రీ ముక్కాలు కిలో వంకాయకును పావుకిలో మిరపకాయకును కలిపి వెల కట్టి, ఇచ్చిన నోటులో తగ్గించి, చిల్లర లెక్కపెట్టి యిచ్చునంతలో చదువుకొన్న మనము ఫోను తీసి వెదకుచుందుము. అట్టియామెను కూర్చుండబెట్టి, “ఒకటి, రెండు, మూడు అను” అనుట ఎంతటి యవివేకము! ఆమెకు లెక్క వచ్చును, అంకె రాదు. ఈ భేదము తెలియని గురువు ఆమెకు వచ్చినదానిని రానిదిగా జేసి యవమానించును.

భాష సంగతియు చెప్పవలెను. ఏజెన్సీ గ్రామములలో సవరలకును, కోయలకును, గోండులకును, మఱి తండాలలోని లంబాడీలకును తెలుగు పుట్టుకతో వచ్చిన భాష కాదు. వారి చేతిలో మైదానపు వాచకము పెట్టి, “వీరికి గ్రహణశక్తి తక్కువ” అని నివేదికలు వ్రాయుదురు. గిడుగు రామమూర్తిపంతులుగారు సవరలకు చదువు చెప్పదలచి, ముందు తామే సవరభాష నేర్చి, పిమ్మట వారి భాషలో పుస్తకములు సిద్ధముచేసిరి. శిష్యుని కంటె ముందు గురువు శిష్యుడగుటయే అసలైన శిక్షణ. 1940లో స్వర్గస్థులైన ఆ మహనీయుని వర్ధంతులను జయంతులను చేయుటలో మనము వెనుదీయము. ఆయన చేసిన పనిని చేయుటలోనే వెనుదీయుదుము.

ఇంత వఱకు సేవకుల మాట. వారికంటె నధికముగ శిక్షణ కావలసినవారు నాయకులు. సాక్షర భారతులో గ్రామపంచాయతికి ఇద్దఱు ప్రేరకులు, నెలకు రెండువేల రూపాయల గౌరవవేతనము. వారిపై మండలమునకొక సమన్వయకర్త, జిల్లాకధికారులు. వీరికి శిక్షణ యుండలేదని మేమనము, ఉండెను. కాని మేము చూచినంతలో దానిలో నధికభాగము పట్టికలు నింపుట యెట్లను విషయమే. తరగతిని చూచుట యెట్లు, తడబడు సేవకునికి తోడ్పడుట యెట్లు అనుదానికి ఒక పూటయు దక్కుట యరుదు. పై మెట్టున కొన్ని దినములు జరిగిన శిక్షణ, జిల్లాలో తగ్గి, మండలములో మఱింత తగ్గి, గ్రామసేవకుని చేరునాటికి ఒక పూట ఉపన్యాసమై, ఫలాహారముతో ముగియును. గోదావరి కాలువకు తలదాపున నున్న పొలములో నీరు పొంగి పొరలుచుండగా శివారు భూములు బీటలు వాఱుట మన కృష్ణా గోదావరి రైతు లెఱుగనిది కాదు. పంట పండవలసిన చోటు శివారే.

శిక్షణ లేని నాయకుడు చేయు మొదటి తప్పు చోటు ఎంచుటలో. ఊరి నడుమ రామాలయపు టరుగు విశాలముగ నున్నది, దీపము కలదు, పంకా కలదు అని అక్కడ తరగతి పెట్టును. మాలమాదిగ వాడలనుండి స్త్రీలు రారు. అరుగెక్కుటకు తరతరముల జంకు వారికి. ఎక్కినచో చాటున గొణుగువారు నేటికిని లేకపోలేదు. నాయకుడు మూడునాళ్లు చూచి, “వారికి చదువుపై నాసక్తి లేదు” అని వ్రాసి పంపును. అంటరానితనము చేసిన పాపమును అక్షరము రానివారి తలపై వేసి, దానికి ప్రభుత్వపు ముద్ర వేయుట ఇది. తరగతిని వారి వాడలో, వారి యింటిముంగిట, వారి బిడ్డయే గురువుగా నడపుట నేర్చిన నాయకు డీ పాపము చేయడు. కాలము నెంచుటయు నంతే. నాట్లనాడు, కోతలనాడు తరగతి పెట్టి, హాజరు లేదని వగచుట రైతుబిడ్డ చేయదగిన పని కాదు.

రెండవ తప్పు కొలుచుటలో. సంతకము చేయగలిగిన వారినెల్ల సాక్షరులని లెక్కవేయుట మన దేశమున చిరకాలపు జాడ్యము. జనాభా లెక్కల నిర్వచనము ప్రకారమే, ఏడేండ్లు దాటి, ఏదైన నొక భాషలో అర్థము తెలిసి చదువను వ్రాయను నేర్చినవారే అక్షరాస్యులు. సంతకము అక్షరము కాదు, బొమ్మ. ఇంతియ కాదు; చదువు లేని సంతకము వేలిముద్ర కంటె నపాయకరము. వేలిముద్ర వేసిన పత్రముపై వివాదము వచ్చినపుడు, దానిని ఆ వ్యక్తికి చదివి వినిపించి అర్థము చెప్పితిమని ఋజువు చేయు భారమును దానివలన లాభము పొందినవారిపై న్యాయస్థానములు మోపుట కలదు. సంతకము చేసినవాడు చదివియే చేసెనని లోకము తలంచును. అనగా చదువు చెప్పక సంతకము మాత్రము నేర్పిన సేవకుడు, పేదరాలి చేతిలోని డాలును లాగికొని, కత్తి యిచ్చితినని చెప్పినవాడగుచున్నాడు. అప్పుపత్రము మీద, భూమి కాగితము మీద, పొదుపు సంఘపు పుస్తకము మీద ఆమె గీసిన ఆ బొమ్మ ఆమెను ఎక్కడికి ఈడ్చునో ఎవరెఱుగుదురు?

మూడవ తప్పు, అక్షరము వచ్చిన మఱునాడు చేతులు దులుపుకొనుట. క్రొత్తగా నేర్చిన అక్షరము చదువుటకేమియు లేనిచో ఆఱుమాసములలో చెఱగిపోవును. మన తాతలకిది తెలియును. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము పుట్టినది. అయ్యంకి వేంకటరమణయ్యగారు దానికై జీవితము ధారవోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువలపై పడవలో పుస్తకములు పెట్టి పల్లెపల్లెకు చేర్చిరి. పుస్తకము మనిషి వద్దకు రావలెనని వారు నేర్చిరి, నేర్పిరి. నేడు పెద్ద యక్షరములతో, చిన్న వాక్యములతో, పెద్దల జీవితమునకు తగిన విషయములతో నచ్చైన పుస్తకములు పల్లెలో నెన్ని యున్నవో నాయకులు చెప్పుదురు గాక.

అక్షరము సరియైన రీతిని చేరినయెడల ఏమి చేయగలదో మనము కన్నులార చూచినవారమే. 1990వ సంవత్సరపు తరువాత నెల్లూరు జిల్లాలో జరిగిన సాక్షరతోద్యమమున, సారా త్రాగి చెడిన సంసారము కథ పాఠమైనది. ఆ కథను వల్లెవేయించి విడువలేదు. దానిపై స్త్రీలచేత మాటలాడించిరి. దూబగుంట స్త్రీలు సారాకొట్టును మూయించిరి. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతట మ్రోగినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. ఆ నిషేధముల తరువాతి చరిత్ర వేఱు సంగతి. మేము గమనింపుమనునది ఇంతే: పాఠము చదివించి ఊరకుండుట యొక పని, పాఠము చదివించి పదిమంది నోరు తెఱపించి తాను నోరు మూసికొని వినుట మఱియొక పని. రెండవది మొదటి దానికంటె పదిరెట్లు కష్టము. చదువుకొన్నవాడు ఊరకుండుట నేర్చుకొననిచో రాదు.

ఇక మాకు ప్రతిగా చెప్పబడు నాక్షేపణలను విచారింతము.

“సేవకులు ఉచితముగ వచ్చినవారు, శిక్షణ యని నిర్బంధించినచో పాఱిపోవుదు” రందురు. పాఱిపోవుట నిజమే, కాని మా యనుభవమున వారు పాఱిపోయినది శిక్షణకు జడిసి కాదు, ఓటమికి సిగ్గుపడి. పదిమందితో నారంభించిన తరగతి ముగ్గురికి తగ్గినపుడు, ఎందుకు తగ్గెనో చెప్పువారు లేక, అడుగుటకు చోటు లేక, ఆ పిల్లలు మెల్లగా మానుకొనిరి. ఉచితముగ నిచ్చు వానికి ఓటమి నిచ్చి పంపుట ఏమి మర్యాద?

“శిక్షణ, యోగ్యతాపత్రము అనుచు పోయినచో సేవ వృత్తియై, పేదపిల్లలకు ప్రవేశము లేకపోవు” నందురు. మేమడుగునది పట్టములు కాదు. పదవ తరగతి చదివిన పల్లెపిల్ల తగిన శిక్షణతో ఎమ్.ఏ. చదివినవాని కంటె చక్కగ చెప్పగలదు. తన వాడ భాష, తన వాడ కష్టము ఆమెకు తెలియును గనుక. శిక్షణ లేని చోటనే పట్టమునకు పెత్తనము.

“బడిపంతుళ్లు శిక్షణ పొందినవారే కదా, వారిచేత చెప్పింత” మందురు. మేమును పంతుళ్లమే గనుక దీనికి మేమే బదులు చెప్పవలెను. మాకిచ్చిన శిక్షణ బాలురకు చెప్పుటకు. బెత్తము పోయినను బెత్తపు గొంతు మాలో నింకను పోలేదు. తనకంటె పెద్దవారిని తనతో సమానులుగా నెంచి చెప్పుట మాకును నేర్పవలసినదే.

“ఇప్పుడు ఫోనులో పాఠములున్నవి, శిక్షణయు ఫోనులోనే యిచ్చెద” మందురు. ఉపయోగపడునంత ఉపయోగించుడు, మేము కాదనము. కాని ఫోను తాను చెప్పదలచినది చెప్పునే గాని, రాత్రి తరగతిలో వెనుకవరుసలో కూర్చుండి, “అమ్మాయీ, ఆ మూల కూర్చున్న పెద్దమ్మకు నీ పలక కనబడుట లేదు” అని చెప్పలేదు. ఈత విధమును చిత్రములో చూపవచ్చును. చెఱువులో దించినవాడు గట్టున నుండవలెను.

“ధనమెక్కడిది?” అను ప్రశ్న చివరిది. 2022-27 కార్యక్రమమునకు ఐదుకోట్ల మందికిగాను 1037.90 కోట్ల రూపాయలు నిర్ణయింపబడినవి. తల కెంత యని భాగించి చూడుడు: ఐదేండ్లకు కలిపి సుమారు 207 రూపాయలు. పుస్తకము, పరీక్ష, ప్రచారము, శిక్షణ అన్నియు నందులోనే. ఒక కుటుంబము ఒక పూట ఊరి హోటలులో ఇడ్డెనులు తిన్నచో నింత కంటె ఎక్కువగును. ధనము లేదనకుడు, ఈ పనికి ధనము పెట్టదలచుకొనలేదని చెప్పుడు. సేవాభావమును పొగడుట ఖర్చును తప్పించుకొనుటకు సాధనము కారాదు.

మా కోరికలు నాలుగు. మొదటిది, ప్రతి సేవకునకు పని యారంభింపకముందు పది దినముల శిక్షణ, అందులో సగము నిజమైన తరగతిలో, నేర్పు నెఱిగినవారి కన్నుల యెదుట. రెండవది, నెలకొకదినము సేవకులెల్ల కూడి తమ తమ చిక్కులు చెప్పికొను సమావేశము. అందు ఉపన్యాసము నిషిద్ధము. మూడవది, పదిమంది సేవకులకు ఒక మార్గదర్శి. ఆ మార్గదర్శి తానొక తరగతిని ఒక సంవత్సరము నడపినవాడై యుండవలెను. పట్టిక నింపుట మాత్రమే తెలిసినవారి నా స్థానమునకు రానీయరాదు. నాలుగవది, ఒక పథకము ముగిసినంతనే శిక్షణ పొందినవారిని విడిచివేయక, గ్రామగ్రంథాలయములతో చేర్చి నిలుపుకొనుట. 2018లో ప్రేరకులు ఇండ్లకు పోయినపుడు తొమ్మిదేండ్లలో వారు తప్పులు చేసి చేసి నేర్చినది వారితోనే పోయినది. 2022లో వచ్చినవారు మఱల మొదటి తప్పునుండి మొదలిడవలసి వచ్చినది.

చదువరులారా, ఇది ప్రభుత్వముతో మాత్రమే తీఱు పని కాదు. మీ యింట పాత్రలు తోము స్త్రీకి, మీ పొలమున నాట్లు వేయు కూలికి చదువు చెప్పవలెనని మీ బిడ్డలు ముచ్చటపడిన దినముండును. ఆ ముచ్చటను మెచ్చుకొనుడు. మెచ్చుకొని, “ముందు నీవు నేర్పుట నేర్చుకొనుము” అని చెప్పుడు. మీ యూరి యువజనసంఘము రాత్రిబడి తెఱవ నెంచి చందాకు వచ్చినపుడు, “చెప్పువారికి శిక్షణ యెవరిచ్చిరి?” అని యడిగి, దాని ఖర్చునకే ముందుగా చందా యిండు. నలువదియేండ్లు అక్షరము లేక బ్రతికిన మనిషి ఒకనాటి రాత్రి, పగలెల్ల పనిచేసిన యలసటతో, సిగ్గు చంపుకొని, పలక చేతబట్టి మన గుమ్మమునకు వచ్చినచో, అది ఆమె జీవితమున ఒక్కమాఱే జరుగు సంగతి కావచ్చును. ఆ రాత్రి ఆమె యెదుట కూర్చుండువానికి పని వచ్చియుండవలెను.